పరగడుపు పరిచయం

థామస్ బావా,

అత్త మళ్లీ పెళ్లికి ఒప్పుకోవడం నా వల్లేనని కోపంగా ఉన్నావట. జరిగింది రాస్తున్నాను.

వయసు పెరిగేకొద్దీ తిన్న తిండి ఒంట్లో ఎలా ఖర్చవుతుందో తెలుసుకోవడానికి ఆమదాలవలసలో పెద్దవాళ్లకు పరీక్షలు చేస్తున్నాను కదా. పరగడుపున రమ్మని, మాస్కు పెట్టి ఊపిరి కొలుస్తాం. అత్త కూడా వచ్చింది. తన వంతు కోసం కూర్చున్న రిటైర్డ్ రైల్వే గార్డు జ్ఞానానందం గారితో మాట కలిసింది. పరీక్షయ్యాక ఇద్దరూ ఆయన కేరేజీలోని ఇడ్లీలు తిన్నారు. తర్వాత పరీక్ష లేని రోజుల్లోనూ వచ్చి కబుర్లు చెప్పుకునేవారు.

ఒకరోజు అత్త నన్నడిగింది.

"ఒసే, నానింకా ఎన్నాళ్లుంటానో నీ మిసను సెప్తాదేటి?"

"చెప్పదత్తా. ఇయ్యాల నీ ఒళ్లు ఎలా పనిచేస్తన్నాదో చెప్తాది, అంతే."

"ఎలాగున్నాది?"

"బాగున్నాది."

"అయితే ఆలీసమెందుకు? పాస్టరుగారితో మాటాడేస్తాను."

మావయ్య పోయాక అత్త అంత హాయిగా నవ్వడం అప్పుడే చూశాను బావా.

నువ్వు రాకుండా మాత్రం చర్చిలో అడుగుపెట్టనంటోంది. శనివారం బయల్దేరు. నిన్ను తీసుకురావడానికి జ్ఞానానందం గారు స్టేషనుకి వస్తానన్నారు. అత్త ఒప్పుకోలేదు.

"నా కొడుకుని నానే తెచ్చుకుంటాను" అంది.

నీ మరదలు