ఉతకని పద్నాలుగు జెర్సీలు

స్టేడియం లాండ్రీలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరైన నేను, ఆటగాళ్లంతా సబ్బులమ్మ అని పిలిచే మనిషిని, డెబ్బై రెండేళ్ల వయసులో, పూర్తి స్పృహతో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. మోకాళ్లు మొరాయిస్తున్నాయి గానీ బుర్ర బాగానే ఉందని డాక్టరుగారు రాసిచ్చిన కాగితం జత చేశాను. ఇంతకుముందు రాసిన వీలునామా దీనితో రద్దు.

1. ఇల్లు, బ్యాంకులో ఉన్నదీ మా అబ్బాయికి. ఆరేళ్లుగా తల్లికీ పెళ్లానికీ మధ్య గోడ మీద పిల్లిలా కూర్చున్నందుకు ఏమీ ఇవ్వకూడదనుకున్నాను. ఉన్నది ఒక్కడే, ఏం చేస్తాం.

2. నా బరువు ఇస్త్రీపెట్టె, నా పక్క బల్ల దగ్గర అన్నేళ్లూ నిలబడ్డ స్నేహితురాలికి. కాలర్ మీద ఆమె చేయి పడితే ముడత మాయం.

3. క్లబ్ సెక్రటరీకి ఏమీ లేదు. ఆటగాళ్లు చెమటోడ్చి గెలిస్తే, కప్పుతో ఫొటో దిగడానికి నాచేత కొత్త జెర్సీ ఇస్త్రీ చేయించుకున్న మహానుభావుడు. పాత వీలునామాలో జెర్సీలు క్లబ్బుకే రాశాను. బుద్ధి తక్కువై.

4. ఆ హాకీ జెర్సీలు పద్నాలుగు. చిరిగి పక్కన పెట్టేసినవాటిని కిట్ మేనేజరుగారు సంతకం పెట్టి నాకిచ్చేవారు. నా పనే ఉతకడం. ఇవి మాత్రం ఒక్కనాడూ నీళ్లలో పెట్టలేదు. గోల్‌కీపరుది, గుండెల మీద బంతి ముద్రతో ఉంటుంది. కెప్టెనుది, కనుబొమ్మ చిట్లినా ఆట ఆపకుండా నెత్తురు తుడుచుకున్న మరకతో ఉంటుంది. మేం మెరుపు అని పిలుచుకునే సెంటర్ ఫార్వర్డుది తొమ్మిదో నంబరు. వానలో జరిగిన ఫైనల్లో ఆయన కిందపడి, పడినచోటి నుంచే గోల్ కొట్టారు. తడిచేతులతో లాండ్రీ గుమ్మంలో నిలబడి చూశాను. అలాంటి ఆట మళ్లీ చూడలేదు.

5. ఈ పద్నాలుగూ మా కోడలికి, సర్వహక్కులతో.

ఆరేళ్ల కిందట నా పుట్టినరోజుకి, పెట్టెలో మురిగ్గా కనబడ్డ ఆ తొమ్మిదో నంబరుని ఆమె సబ్బుతో ఉతికి, ఇస్త్రీ చేసి నా మంచం మీద పెట్టింది. నన్ను సంతోషపెడదామనే. ఆ ఫైనల్ నాటి మట్టీ, చెమటా సబ్బునీళ్లలో కొట్టుకుపోయాయి. ఆ రోజు నుంచి ఆమెతో మాట మానేశాను. ఏదైనా చెప్పబోతే లేచి వెళ్లిపోయేదాన్ని. ఆ పెట్టె జోలికీ పోలేదు.

పోయిన నెల ఈ జాబితా కోసం తెరిచాను. తొమ్మిదో నంబరు నిండా మట్టి, చెమట చారలు. మెరుపుగారికి ఫోన్ చేస్తే సంగతి బయటపడింది. ఉతికిన వారానికే మా కోడలు ఆయన ఇంటికి వెళ్లి ఏడ్చిందట. ఊరికే తొడుక్కుంటే కుదరదు, మ్యాచ్ ఆడితేనే మా అత్తయ్య ఒప్పుకుంటారని పట్టుబట్టిందట. అరవై దాటిన ఆ మనిషి పాత జట్టుని కూడగట్టి, అంపైరుని పెట్టి, అదే జెర్సీతో మ్యాచ్ మొత్తం ఆడారు. రెండు గోల్స్ కొట్టి, మూడు రోజులు మంచం దిగలేదట. ఆ జెర్సీని మా కోడలు ఉతక్కుండా తెచ్చి మళ్లీ పెట్టెలో పెట్టిందట.

ఫైనల్ నాటి చెమట తిరిగి రాదు. అయినా ఎందరో గొప్పవాళ్ల జెర్సీలు పట్టిన ఈ చేతులతో రాస్తున్నాను, వాళ్లెవరికీ మా కోడలు తీసిపోదు. ఆమెని చూస్తే గర్వంగా ఉంది. నన్ను చూసుకుంటే సిగ్గుగా ఉంది.

6. వీలునామా అమలు బాధ్యత కిట్ మేనేజరుగారిది. మిగతావన్నీ నా తదనంతరం. ఐదో అంశానికి మాత్రం నేను పోయేదాకా ఆగక్కర్లేదు. ఆమె వంటింట్లోనే ఉంది. సంతకం పెట్టగానే లేచి వెళ్లి, ముందు నేనే పలకరిస్తాను.

తేదీ: ఆగస్టు పద్దెనిమిది, ఉదయం పదిన్నర
సంతకం: సబ్బులమ్మ
సాక్షులు: 1. పక్కింటి లెక్కల మాస్టారు 2. మా డాక్టరుగారు