దొర దుప్పటి

1968 నవంబర్ 10, ఆదివారం

రేడియో వాళ్ళ పిలుపు వచ్చింది. డిసెంబర్ అయిదున విశాఖపట్నంలో పాట పరీక్ష. మా ఆయన కాగితం రెండుసార్లు చదివి నా చేతికిచ్చి పెరట్లోకి వెళ్ళిపోయారు.

పోయినేడు పరీక్ష ఆయాసంతోనే పోయింది. కీర్తన మధ్యలో దగ్గు... "ఇక చాలండి" అన్నారట. ఈసారీ అలాగే అయితే ఈయన ఇంకెక్కడా పాడరు. పిల్లలకు సరళీస్వరాలు చెప్పుకుంటూ ఈ వసారాలోనే ఉండిపోతారు. ఆ మాట ఆయన అనరు, నాకు తెలుసు.

రైలు వద్దు — బొగ్గు పొగ. బస్సు వద్దు — దుమ్ము. అన్నయ్య కారే గతి.

సాయంత్రం అన్నయ్య చీపురుపల్లి నుంచి వచ్చాడు. డిక్కీ మూత ఎత్తగానే ముందు దిగింది దొర. వీధి కుక్కని తెచ్చి దొర అని పేరు పెట్టుకున్నాడు మహానుభావుడు, అది నిజంగానే దొరలా కారు లేనిదే కదలదు. డిక్కీలో దానికొక పాత దుప్పటి. దుప్పటి నిండా పసుపుపచ్చ జుట్టు. రబ్బరు చాప మీద జుట్టు, స్టెప్నీ టైరు సందుల్లో జుట్టు, బురద కాళ్ళ ముద్రలు. ఈయన శ్రుతిపెట్టె వెళ్ళేది కూడా ఆ డిక్కీలోనే.

తడిగుడ్డతో తుడిచాను. ముద్దలు ముద్దలుగా వచ్చింది. అన్నయ్య పక్కన నిలబడి నవ్వుతున్నాడు.

12, మంగళవారం

ఆయన తెల్ల ఉత్తరీయం మీద పచ్చటి పోగు ఒకటి. తీసి పారేశాను. శ్రుతిపెట్టె మీద ఇంకొకటి. ఛీ, కుక్క.

14, గురువారం

గరివిడిలో కచేరీ. అన్నయ్యే తీసుకెళ్ళాడు. శ్రుతి నేనే వేశాను, ఎప్పటిలాగే ఆయన పక్కన కూర్చుని.

వర్ణం బాగానే సాగింది. కీర్తన ఎత్తుకున్నారో లేదో ఈల మొదలైంది. గొంతులోంచి కాదు, ఛాతీలోంచి. జనం కంటే ముందు నాకు వినిపిస్తుంది అది. చరణం దగ్గర ఆగిపోయారు. నా చెయ్యి మాత్రం ఆగలేదు, తిత్తి ఆడిస్తూనే ఉన్నాను, ఆయన మళ్ళీ అందుకుంటారేమో అని. అందుకోలేదు. మాత్ర వేసుకుని గోడకి ఆనుకుని కూర్చున్నారు. వేడినీళ్ళు ఎవరో తెచ్చారు. ఆయన ముఖం చూడలేకపోయాను.

15, శుక్రవారం

పొద్దున్న ఇంట్లో తంబురా పట్టుకుని తోడి పాడారు. చాలాసేపు పాడారు. ఈల లేదు, దగ్గు లేదు.

ఇంట్లో లేనిది, అన్నయ్య కారెక్కితే వచ్చేది ఏమిటి? ఆలోచించక్కర్లేదు. తోక ఊపుకుంటూ ఎదురుగా నిలబడే ఉంది.

17, ఆదివారం

అన్నయ్యతో గట్టిగానే అయింది.

"దాన్ని ఇంటికాడ వదిలీసి రా" అన్నాను.

"ఇంటికాడ కడితే తాడు తెంపుకొని కారెనకాల పరిగెడతాది. అయినా దొర నేకుండా సాలూరు రోడ్డు ఎలా ఎక్కుతానే? నార బేరానికి ఊళ్ళంట ఒక్కడినీ తిరుగుతన్నాను. రోజులు సూస్తన్నావు కదా."

రోజులు బాగోలేవు, నిజమే. కొండల వైపు నుంచి వచ్చే గొడవల కబుర్లు వింటే భయం వేస్తుంది. అన్నయ్యది గోగునార వ్యాపారం, ఇదే సీజను. ఇప్పుడు ఎటు చూసినా నారే కదా... కంచెల మీద నార, బళ్ళ మీద నార, అన్నయ్య కారులో నార, మీసాల్లో నార.

ఆయన మధ్యలో వచ్చి, నాతో "దాన్నేటి అనకు పైడీ. పాట బుద్ధిగా వింటాది. నీ కన్నా నయం" అన్నారు. ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఈయన ఊపిరి గురించి ఈ ఇంట్లో నేనొక్కదాన్నే భయపడాలా?

చివరికి రాజీ. డిక్కీలో గోనె పరవడం, శ్రుతిపెట్టెకి గోనె సంచి కుట్టడం. అన్నయ్య తన గొడౌన్ నుంచి కొత్త గోనె తెచ్చిచ్చాడు. "కుక్క తాకింది కాదు, మడిగుడ్డ అనుకో" అన్నాడు.

18, సోమవారం

సంచి కుట్టాను. రెండు పొరలు. మూతికి నాడా. ఒక్క వెంట్రుక దూరితే ఒట్టు. డిక్కీకి కొలత తీసుకుని గోనె పట్టా కూడా కత్తిరించాను, స్టెప్నీ చుట్టూ తిరిగేలా. దుప్పటి దానిమీద ఒక పక్కకి. దొర ఆ పక్కనే పడుకోవాలి. దానికి అర్థమైనట్టే చూసింది.

పని బాగా కుదిరింది. చాన్నాళ్ళకి మనసు తేలికపడింది.

21, గురువారం

సంచి పనిచేస్తుందో లేదో చూద్దామని చీపురుపల్లి వెళ్ళాం. అన్నయ్య ఇంట్లో సంచి విప్పి, శ్రుతి వేశాను. ఆయన కూర్చుని ఆలాపన మొదలెట్టారు...

ఆయాసం గరివిడిలో కంటే ఎక్కువ వచ్చింది. గోళ్ళు నీలంగా అయిపోయాయి. వదిన విసనకర్రతో విసురుతోంది, నేను వీపు రాస్తున్నాను. దొర గడపలో కూర్చుని చూస్తోంది, చెవులు వెనక్కి పెట్టి. దాన్ని తోలెయ్యమని అరిచాను. అందరూ ఉలిక్కిపడ్డారు.

22, శుక్రవారం

అనేశాను. "కుక్క ఉండాలో ఆయన ఉండాలో తేల్చుకో" అని.

అన్నయ్య పోట్లాడతాడనుకున్నాను. కారు తాళాలు చేతిలో తిప్పుకుంటూ కాసేపు నిలబడి, "సరే" అన్నాడు.

24, ఆదివారం

కొత్తవలస దగ్గర తెలిసినవాళ్ళ మామిడితోటలో వదిలేశారు. ఆయన కూడా వెళ్ళారు, అన్నయ్యకి తోడు. తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుంటూ ఒక్క మాట అన్నారు.

"డిక్కీ మూత ఏస్తంటే లోపలికి ఎక్కబోనాది."

అంతే. అన్నం తిన్నారు, నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోనీ. ఊపిరి ఉంటే చాలు.

25, సోమవారం

తంబురా మీద తోడి. బాగా పాడారు.

27, బుధవారం

వదిన వచ్చింది, ముఖం వేలాడేసుకుని. తోటలో గొలుసు తెంపుకొని దొర ఎటో పోయిందట. తోట కాపలా మనిషి కబురు పంపాడు.

"మీ అన్న రెండుసార్లు ఎల్లి ఎతికీసి వచ్చాడు. కూడు ముట్టుకుంటే ఒట్టు. సాలూరు కూడా మానీసాడు."

అయ్యో అనిపించింది. నిజంగానే. కానీ పరీక్ష దగ్గరికి వచ్చేసింది, ఇప్పుడు నేను దానికోసం ఏడవలేను.

28, గురువారం

కారు తెప్పించి డిక్కీ కడిగాను. కుంకుడు రసం పోసి, కొబ్బరి పీచుతో మూలమూలలా రుద్ది, మళ్ళీ నీళ్ళు, మళ్ళీ గుడ్డ. మూత అంచుకున్న రబ్బరు పట్టీలో కూడా పుల్ల పెట్టి లాగాను. దుప్పటి చెత్తలో పడెయ్యమని అన్నయ్యకిచ్చాను. చుట్టచుట్టి చంకలో పెట్టుకున్నాడు. నా వైపు చూడలేదు.

ఇప్పుడు అద్దంలా ఉంది డిక్కీ. ఎండలో ఆరబెట్టి, కొత్త గోనె పరిచాను.

30, శనివారం

మళ్ళీ వచ్చింది ఆయాసం.

కుక్క లేదు. జుట్టు లేదు. గుడిదాకా వెళ్ళి వచ్చాం, అంతే. మండపంలో కూర్చుని శ్రుతి వేశానో లేదో ఈల. ఆయన చెయ్యెత్తి ఆపమన్నారు. ఆపగానే కాస్త తగ్గింది. కళ్ళు మూసుకుని కూర్చున్నారు. "ఇక రాసేద్దాం పైడీ, రాలేమని" అన్నారు. మెల్లగా, శిష్యుడికి తప్పు చెప్పినట్టు.

వద్దన్నాను. ఏం చూసుకుని వద్దన్నానో నాకే తెలియదు.

డిసెంబర్ 1, ఆదివారం

శ్రుతి ఆపగానే తగ్గిందన్న సంగతి బుర్రలో తిరుగుతూనే ఉంది. పొద్దున్న ఆయన బజారుకి వెళ్ళగానే శ్రుతిపెట్టె తీశాను. గాలి వచ్చే కంతల ముందు తెల్ల తువ్వాలు పరిచి తిత్తి ఆడించాను. పచ్చటి పొడి రాలింది. పొడిలో చిన్న చిన్న పోగులు. కుక్క జుట్టే అనుకున్నాను, నీళ్ళు పోసి కడిగినా ఇంకా వదల్లేదే అని తిట్టుకున్నాను కూడా.

ఎందుకో ఒక పోగు తీసి పొయ్యి మంటలో పెట్టాను.

వెంట్రుక కాలితే వాసన తెలియని ఆడది ఉంటుందా? తల దువ్వుకుని చిక్కు పొయ్యిలో పడేసినా ఇల్లంతా కొడుతుంది. ఇది కొట్టలేదు. భగ్గున అంటుకుని కాగితంలా బూడిదయింది. ఇంకొకటి పెట్టాను. ఇంకొకటి. అన్నీ అంతే.

నార.

నేను కుట్టిన గోనె సంచి. నేను పరిచిన పట్టా. అంతకు ముందు అన్నయ్య డిక్కీలో వేసుకు తిరిగే నార కట్టలు. ఆ పొడి అంతా తిత్తి పీల్చుకోవడం, నేను పక్కన కూర్చుని ఆయన ముఖం మీదికి ఊదడం. కుక్క జుట్టు దూరకూడదని రెండు పొరలు వేశాను కదా... రెండింతలు ఊదాను.

కంటి ముందు ఎప్పుడూ ఉండే వస్తువు. కంచెల మీద, బళ్ళ మీద, చొక్కాల మీద. దాన్ని ఎవరనుమానిస్తారు?

పాపం, దొర.

2, సోమవారం

సంచి పొయ్యిలో పెట్టేశాను. శ్రుతిపెట్టెని తడిగుడ్డ పట్టుకుని ఆడించి, తుడిచి, మళ్ళీ ఆడించి... గుడ్డ తెల్లగా వచ్చేదాకా. తరువాత ఆయన్ని కూర్చోబెట్టి శ్రుతి వేశాను. తోడి, దాని తరువాత కల్యాణి. ఈల రాలేదు.

అప్పుడు చెప్పాను ఆయనకి. పెట్టె మూసి పక్కన పెట్టారు.

"మీ అన్నకి సెప్పు."

"పరీక్ష అయ్యాక."

"ఇప్పుడే సెప్పాల."

చెప్పలేను. చెబితే అన్నయ్య కారు తీయనంటే? తీయకపోయినా తప్పు లేదు. నేను పిరికిదాన్ని, ఆయన ఊపిరి విషయంలో ఇంకా పిరికిదాన్ని.

4, బుధవారం

రేపే. ఆయన గొంతుకి మిరియాల పాలు. అన్నయ్య తెల్లారగట్ల వస్తానని కబురు పంపాడు. డిక్కీలో గోనె తీసెయ్యమని చెప్పి పంపాను. ఎందుకని అడగలేదు.

5, గురువారం. విశాఖపట్నం

బయట అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. ఆయన లోపల ఉన్నారు. పాడేవాళ్ళు తప్ప ఎవరూ రాకూడదట, శ్రుతి కూడా ఆయనే వేసుకోవాలి.

పొద్దున్న అన్నయ్య డిక్కీ తెరిస్తే, గోనె లేదు. దాని బదులు దొర దుప్పటి పరిచి ఉంది. నేను చెత్తలో వెయ్యమన్నదే. జుట్టు అలాగే ఉంది, బురద కాళ్ళ ముద్రలతో సహా. అలవాటుగా చెయ్యి పోయింది నాకు.

"దులపకే" అన్నాడు. గట్టిగా అనలేదు. "కొత్తవలస దాటేదాకా మూత తెరిసుంచుతాను. అటేపు ఎక్కడైనా ఉంటే వాసన పట్టి వస్తాది." మళ్ళీ తనే, "పెట్టె ఇందులో ఎట్టకు, జుట్టంటుకుంటాది. ఒళ్ళో ఎట్టుకో" అన్నాడు.

ఒళ్ళో పెట్టుకున్నాను. మూత తాడుతో పైకి కట్టి బయల్దేరాడు. కొత్తవలస రాగానే కారు నడక వేగానికి తగ్గించి, కిటికీలోంచి తల బయట పెట్టి, "దొరా... ఒరే దొరా..." రోడ్డు మీద జనం తిరిగి చూశారు. మామిడితోట దగ్గర దిగి నిలబడ్డాడు. ఎండుటాకులు కదిలితే అటు పరుగెత్తాడు. మేక. తిరిగి వచ్చి కూర్చుని కారు తీశాడు.

ముందు సీట్లోంచి ఆయన వెనక్కి తిరిగి నా వైపు చూశారు. నేను శ్రుతిపెట్టె వైపు చూసుకున్నాను.

దారి పొడుగునా ఈల లేదు. ఒక్కసారి కూడా దగ్గలేదు. లోపలికి వెళ్ళేటప్పుడు ఆయన చెయ్యి ముట్టుకున్నాను, వెచ్చగా ఉంది.

ఇప్పుడే అన్నయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. గడ్డం మాసిపోయి ఉంది.

"బావకి ఆయాసం రానేదు కదేటి?"

"లేదు."

"ఒక్క తూరీ రానేదా?"

"రాలేదు అన్నయ్యా."

తల ఊపాడు. భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"పోన్లే. దొర ఊరికే పోనేదు."

నోటిదాకా వచ్చింది. వచ్చి ఆగిపోయింది. ఊఁ అన్నాను.

వెళ్ళి కారు దగ్గర నిలబడ్డాడు. డిక్కీ మూత ఇంకా దించలేదు. లోపల శ్రుతి మొదలైంది, తలుపు సందులోంచి సన్నగా వస్తోంది. ఆయన ఇంకా ఎత్తుకోలేదు...