హిరోకో గారి మార్కులు

అల్ ఖోర్,
శుక్రవారం

చిరంజీవి అరుంధతికి,

దీవెనల మీద నాకు నమ్మకం లేదు. అయినా బాబాయిని కనక దీవెనలు. వాట్సాప్‌లో నా కోపం పట్టదు, అందుకే ఉత్తరం.

మా పక్కింటి జపాను పెద్దావిడ హిరోకో గారికి మీ దోహా క్లినిక్ వాళ్ళు ఏవో ప్రశ్నలు వేసి, డిప్రెషన్ మార్కులు ఎక్కువొచ్చాయన్నారట. మొన్నటిదాకా ఆవకాయ గొప్పదా, వాళ్ళ ఊరగాయ గొప్పదా అని నాతో వాదించిన మనిషి! ఇప్పుడు కొడుకు ఆవిణ్ణి జపాను పంపేస్తానంటున్నాడు. అక్కడ ఆవిడకెవరున్నారు? మనవరాలి దగ్గర ఇక్కడే ఉండాలని ఆవిడ కోరిక. మనుషుల్ని పిండేసే కంపెనీలకు మార్కులెయ్యరేం?

ఇట్లు,
మండిపడుతూ,
సుధాకరరావు

తా.క.: 'బయటికెళ్ళడం కంటే ఇంట్లో ఉండడమే ఇష్టమా' అని జులైలో అడిగారట. ఖతార్‌లో ఈ మండుటెండల్లో 'కాదు' అన్నవాడికి ముందు వైద్యం చెయ్యండి.

దోహా

బాబాయికి నమస్కారాలు.

పరీక్ష ఆవిడకు కాదు, ఆ ప్రశ్నలకు. జపాను పెద్దవాళ్ళ విషయంలో అవి పనికొస్తాయో లేదో చూస్తున్నాం. మార్కులు చూసి జబ్బనుకోవద్దని వాళ్ళబ్బాయికి చెప్పాం, వినలేదు. వచ్చేవారం అవే ప్రశ్నలు మళ్ళీ అడుగుతాం. దయచేసి మీరు కల్పించుకోకండి.

మీ అరుంధతి

తా.క.: వాళ్ళ గేటు ముందు ఉపన్యాసమిచ్చారట. పిన్ని చెప్పింది.

అల్ ఖోర్

అరుంధతికి,

కల్పించుకోకుండా ఉండడం నాకు చేతకాదు. 'కాదు' అన్నందుకే మార్కులు పడ్డాయనుకుని, ఏమడిగినా 'అవును' అనమని ఆవిడకు నేర్పాను. పాపం, నా మాట మీద గౌరవంతో అలాగే అన్నారు. సంతోషంగా ఉన్నారా? అవును. బతుకు శూన్యమనిపిస్తోందా? అవును. ఏడుపొస్తోందా? అవును. అలాంటివి మధ్యలో దూర్చారని నాకెవరు చెప్పారు? మార్కులు ఇంకా పెరిగాయి, కొడుకు టికెట్టు కొనేశాడు. ఏదో ఒకటి చెయ్యమ్మా.

ఇట్లు,
కాళ్ళూచేతులూ ఆడని
బాబాయి

తా.క.: ఆ కాగితం ఒకటి పంపు. నేనే నింపి, అది చిత్తుకాగితమని రుజువు చేస్తాను.

దోహా

బాబాయికి,

ఇక ఊపిరి పీల్చుకోండి. మా జపాను డాక్టరమ్మ అల్ ఖోర్ వచ్చి హిరోకో గారితో తీరిగ్గా మాట్లాడింది. ఆవిడకే జబ్బూ లేదు. మీకు రాయమన్నదీ ఆవిడే. మొదటిసారి సంతోషంగా లేనన్నారేమని అడిగితే, "నా సంతోషం నేనే చాటుకుంటే ఏం బాగుంటుంది?" అన్నారట. ఎలా ఉన్నావంటే మన నాయనమ్మ "ఏదో, ఇలా ఉన్నాం" అనేది చూడండి, అదే. మేం అడిగిన మిగతా జపాను పెద్దలదీ అదే వరస. కనక తప్పు మా ప్రశ్నలదే. కొడుకు టికెట్టు రద్దు చేశాడు.

మీ అరుంధతి

తా.క.: మీరు నింపిన కాగితం అందింది. అంచుల నిండా రాసిన తిట్లు పక్కనపెట్టి లెక్కేశాను. సున్నా. దిగులు మచ్చుకైనా లేదు. ఇంత హాయిగా ఉన్న మనిషి ఇంతవరకూ మాకు తగల్లేదు.

అల్ ఖోర్

అరుంధతికి,

ఆవిడ ఉంటున్నారు. గుండెల మీద బరువు దిగింది. కానీ సున్నానా? పాతికేళ్ళుగా పత్రికల్లో ఈ లోకం మీద నిప్పులు కక్కుతున్న నాకా? హిరోకో గారికి చూపిస్తే, "నాకెప్పుడో తెలుసు, తిట్టేటప్పుడు మీ మొహం వెలిగిపోతుంది" అన్నారు. ఈ సంగతి నా వ్యాసాలు చదివేవాళ్ళకు తెలిస్తే ఇంకేమైనా ఉందా?

ఇట్లు,
పరువు నీ చేతిలో పెట్టిన
బాబాయి

తా.క.: నేనెలా ఉన్నానని ఎవరైనా అడిగితే, "ఏదో, అలా ఉన్నాడు" అని చెప్పు.