ఫ్లాస్కుగారి వీడ్కోలు

నవంబర్ 3

సర్క్యులర్ వచ్చింది. నెలాఖరుకి నా రిటైర్మెంటు. ఇరవై తొమ్మిదిన వీడ్కోలు సభ. ఏయే దేశాల్లో మా బ్యాంకు బ్రాంచీలున్నాయో అక్కడివాళ్ళందరూ వీడియోలో కలుస్తారట. చివరి లైను: అనంతరం ఆయన మాట్లాడతారు.

ఆయన్ని ఎవరూ అడగలేదు.

నవంబర్ 4

ఇంట్లో ఆవిడకి చెప్పాను. బీన్సు తుంచుతోంది. తల ఎత్తకుండానే, పెళ్ళికి ముందు మా ఇంటికొచ్చినప్పుడు కూడా మీరు నోరు విప్పలేదు, మూగవాడేమో కనుక్కోండని మా నాన్న అందర్నీ అడిగాడు, అయినా పెళ్ళి ఆగిందా అంది.

ఆగలేదు. కానీ ఆ రోజు వీడియో లేదు.

నాది మా ఊరి బడి చదువు. ఒకటే గది. ఇంగ్లీషు మేష్టారు చదవడం నేర్పారు, రాయడం నేర్పారు. మాట్లాడడం నేర్పలేదు. ఆయనకీ రాదు. ఆ బడిలోంచి బ్యాంకుకి వచ్చాను, బ్యాంకులోంచి ఆడిట్‌కి, ఆడిట్‌లోంచి విమానాల్లోకి. నా ఇంగ్లీషు మాత్రం చేతి దగ్గరే ఆగిపోయింది, నోటిదాకా రాలేదు. రిపోర్టు ఎంత పొడుగైనా రాస్తాను. నోటితో మాత్రం ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ అంటాను. వాళ్ళు చెబుతారు. నేను తలూపుతాను. సర్వీసంతా అలాగే గడిచిపోయింది.

నవంబర్ 8

మా ఆఫీసు కింది అంతస్తులోనే ఒక బ్రాంచి ఉంది. అక్కడి క్లర్కులిద్దరు లిఫ్టులో నా ముందు నిలబడ్డారు. వెనక మూలలో నేనున్నానని చూసుకోలేదు. నన్ను సాధారణంగా ఎవరూ చూసుకోరు, ఆడిటర్‌కి అది మంచిదే.

ఫ్లాస్కు వెళ్ళిపోతున్నాడటగా అన్నాడు పొట్టివాడు. పాపం అన్నాడు రెండోవాడు. పాపమేంట్రా, ఇన్నేళ్ళలో మన టీ ఒక్కసారి ముట్టాడా, ముడితే కిరీటం జారి పడుతుందా అన్నాడు పొట్టివాడు.

ఫ్లాస్కు నా చంకలోనే ఉంది. కోటు కిందికి తోశాను. ఇవాళ వాళ్ళ బ్రాంచిలోనే నాకు పని, వాళ్ళతో పాటు నేనూ దిగాలి. దిగలేదు. మళ్ళీ పైదాకా వెళ్ళి మెట్ల మీద వచ్చాను.

నవంబర్ 9

ఫ్లాస్కు సంగతి రాసుకుంటాను. పైకి చెప్పే ముందు కాగితం మీద చెప్పడం నాకు అలవాటు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఆడిట్ పెద్దాయన నన్ను పక్కకి పిలిచి, ఆడిట్‌కి వెళ్ళిన చోట టీ తాగకు, తాగితే వాళ్ళ గురించి ఉన్నది ఉన్నట్టు రాయలేవు అన్నాడు. ఆయన మాత్రం అన్నిచోట్లా తాగేవాడు. బిస్కట్లు జేబులో కూడా వేసుకునేవాడు. నేను మాట పట్టుకున్నాను. ఏ దేశం వెళ్ళినా పొద్దున్నే హోటల్లో టీ పోయించుకుని ఫ్లాస్కుతోనే బ్రాంచికి వెళ్ళేవాణ్ణి.

నిజం చెప్పాలంటే ఆ రూలు నాకు కలిసొచ్చింది. టీ అంటే పక్కన కూర్చోవాలి. కూర్చుంటే కబుర్లు. కబుర్లంటే నాకు ముచ్చెమటలు.

ద్వీపం బ్రాంచిలో హెడ్ క్యాషియరు ఉంది. నా ఈడు మనిషి, భారీ మనిషి. వెళ్ళిన ప్రతిసారీ రోజూ నా బల్ల మీద కప్పు పెట్టేది. చల్లారాక తీసుకెళ్ళేది. ఒక్క మాట అనేది కాదు. ఒకసారి మాత్రం, కిటికీలో మొక్కకి పోస్తానులెండి, దానికి మీలాగా రూల్సు లేవు అంది. తర్వాతిసారి వెళ్ళేసరికి ఆ మొక్క కిటికీ దాటి పాకింది.

అది గర్వం కాదు. ఈ ఒక్క ముక్క వాళ్ళకి చెప్పి పోవాలి. వేరే ఉపన్యాసం అక్కర్లేదు. ఇది చెప్పకుండా పోతే అన్ని దేశాల్లోనూ పొగరుబోతుగానే మిగిలిపోతాను.

నవంబర్ 19, ఆదివారం

బావమరిది వచ్చాడు. వేలంపాటల్లో ధర కేకేసే ఉద్యోగం. గొంతు ముందు వస్తుంది, మనిషి వెనకాల వస్తాడు.

నన్ను బీరువా అద్దం ముందు నిలబెట్టాడు. బావా, గుండెలమీంచి రావాలి, గొంతులోంచి కాదు అన్నాడు. రెండు చోట్లనించీ రాలేదు. బావా, ఎదుట జనం లేరనుకో అన్నాడు. నిజంగానే లేరు కదా అన్నాను. అయితే ఉన్నారనుకో అన్నాడు. చేతులెలా ఊపాలో చూపించాడు. దీపం చిమ్నీ కిందపడింది. చివరికి నన్ను కూర్చోబెట్టి తనే నా తరఫున మాట్లాడాడు, నిజాయితీకి మారుపేరు, క్రమశిక్షణకి చిరునామా అంటూ.

ఆవిడ వంటింట్లోంచి వచ్చి, ఒరేయ్, ఆయన్ని సాగనంపుతున్నావా, అమ్మేస్తున్నావా అంది.

నవంబర్ 24

మా టీములో నా తర్వాతి ఆడిటరు నోటి దురుసు మనిషి. పనిలో దిట్ట. పొద్దున్న నా గదిలోకొచ్చి, సార్, మీ మొహం చూస్తుంటే ఉరికంబం ఎక్కేవాళ్ళే నయమనిపిస్తోంది అంది. సమస్య చెప్పాను. రెండు వాక్యాల్లో చెప్పాను. తను ఒక్క వాక్యంలో తేల్చేసింది. చిన్న మీటింగు గదిలో మీరొక్కరే కూర్చోండి, ఇక్కడివాళ్ళం కూడా మా బల్లల దగ్గర్నించే చూస్తాం, తలుపు నేను వేస్తాను అంది.

ఎదురుగా మనుషులుండరు. బొమ్మలే.

ఇవాళ అన్నం సరిగ్గా తిన్నాను.

నవంబర్ 28

జ్వరం వస్తే బాగుండును. రాలేదు.

నవంబర్ 29, మధ్యాహ్నం ఒంటిగంట

అయిపోయింది. మాట్లాడాను. ఇప్పుడే, ఆ చిన్న గదిలోనే కూర్చుని రాస్తున్నాను. 

ముందు వాళ్ళు మాట్లాడారు. మంచు దేశం మేనేజరు, నేను వస్తున్నానంటే కిటికీ తెరలు కూడా ఉతికించేవాళ్ళమని చెప్పాడు. తెరలకీ ఆడిట్‌కీ సంబంధమేంటో తనకిప్పటికీ తెలీదట, భయమేసినప్పుడు మనిషి ఏదో ఒకటి ఉతుకుతాడట. ఓడరేవు బ్రాంచి ఆయన, తన జన్మలో ఒకే ఒక్కసారి నేను వాళ్ళ రిపోర్టు చివర అభ్యంతరం లేదు అని రాశానని చెప్పాడు, ఆ పేజీకి ఫ్రేము కట్టించి ఇంట్లో పెట్టుకున్నాడట. పెళ్ళి ఫోటోకన్నా అది పెద్దదని వాళ్ళావిడ ఇప్పటికీ సాధిస్తోందట. నాకు తెలీదు. అభ్యంతరం లేదు అన్నదే నేను రాసే మాటల్లో అన్నిటికన్నా మంచి మాట. ఎవరైనా గమనిస్తారనుకోలేదు.

ద్వీపం హెడ్ క్యాషియరు ఊరికే చెయ్యి ఊపింది. వెనకాల ఆ మొక్క. కిటికీ కనబడలేదు, ఆకులే.

తర్వాత నా వంతు. గొంతు సవరించుకున్నాను. మొదలుపెట్టాను. గ్రామర్ ఎటు పోయిందో తెలీదు, నేను దాని వెనకాల పోలేదు. మీ టీ తాగనిది గర్వం వల్ల కాదు అన్నాను. మొదట రూలు వల్ల, ఆ తర్వాత సిగ్గు వల్ల అన్నాను. తాగలేదు గానీ వాసనలు గుర్తున్నాయని చెప్పాను. ద్వీపంలో నిమ్మకాయ, మంచు దేశంలో పొగ, ఓడరేవులో మాడిన పాలు. నవ్వారు కూడా అనుకుంటా. ఇక నేను ఆడిటర్ని కాను, నా టీ అయిపోయింది అంటూ ఫ్లాస్కు పైకెత్తి బోర్లించాను. అడుగున కాస్త మిగిలింది, బల్ల మీద పడింది.

అప్పుడు ద్వీపం క్యాషియరు తన కప్పు పైకెత్తింది. తర్వాత మంచు దేశం ఆయన. తర్వాత ఓడరేవు. తర్వాత స్క్రీన్ మీది అన్ని కిటికీల్లోనూ కప్పులు. టీ లేనివాళ్ళు నీళ్ళ గ్లాసులు ఎత్తారు.

అర్థమైంది వాళ్ళకి. ఇన్నేళ్ళ బరువు దిగిపోయింది. బల్ల తుడవాలి.

అదే రోజు, సాయంత్రం

నా తర్వాతి ఆడిటరు వచ్చి తలుపు వేసింది. నిలబడింది. ఎప్పుడూ నిలబడదు, వచ్చీ రాగానే కుర్చీ లాక్కుంటుంది.

సార్, మీరు మ్యూట్‌లో ఉన్నారు అంది.

ఎప్పుడు అన్నాను.

మొదట్నించీ అంది.

మ్యూట్ నేనే నొక్కానట. ఏ మీటింగులో చేరినా నేను చేసే మొదటి పని అదే. మైకు బొమ్మ మీద ఎర్ర గీత ఉంటేనే నాకు మనశ్శాంతి. ఇవాళా గీత ఉంది. అంతా సవ్యంగా ఉందనుకున్నాను.

మరి ఒక్కళ్ళూ చెప్పలేదేం అన్నాను. చాట్‌లో రాశారట, నేను అది తెరవనే లేదు. తను తలుపు దాకా పరిగెత్తుకుని వచ్చిందట. తలుపు అద్దంలోంచి చూసి ఆగిపోయిందట. మీరు మాట్లాడుతున్నారు సార్, చేతులు కూడా ఊపుతున్నారు, ఇన్నేళ్ళకి వర్షం మొదలైతే గొడుగు పట్టుకుని అడ్డం రమ్మంటారా అంది. మిగతావాళ్ళకీ ధైర్యం చాల్లేదట.

నాకు నవ్వొచ్చింది. ఆగలేదు. ఆఫీసులో నేను నవ్వడం తను ఎప్పుడూ చూడలేదు. మంచినీళ్ళు తెచ్చింది.

ఇంటికొచ్చి ఆవిడకి చెప్పాను. మొత్తానికి మాట్లాడారు కదా, వినడం వాళ్ళ పని అంది.

అదీ నిజమే. కానీ చెప్పాల్సిన ముక్క చేరలేదు. కప్పులెందుకు ఎత్తారో మరి. మళ్ళీ చెప్పమంటే నా వల్ల కాదు.

నవంబర్ 30

ఆఖరి రోజు. కార్డు, తాళాలు ఇచ్చేశాను. పొద్దున్నించీ మెసేజీలు.

మంచు దేశం ఆయన, తెరల గురించి మీరు అన్న మాటకి మా స్టాఫంతా పొంగిపోయారు అని రాశాడు. నేను తెరల ఊసే ఎత్తలేదు. ఓడరేవు ఆయన, మా ఆవిడ తరఫున మాట్లాడినందుకు థాంక్స్, ఫ్రేము చిన్నది చేయిస్తాను అన్నాడు. పర్సొనెల్ డిపార్ట్‌మెంటువాళ్ళు మీ ప్రసంగం ఆలోచింపజేసింది అన్నారు. అది మాత్రం నిజమే అయి ఉంటుంది. నేను ఏమన్నానో ఒక్కళ్ళూ వినలేదు, కానీ ఎవరికి కావలసిన మాట వాళ్ళు నా నోట్లోంచి తీసుకున్నారు. నా గొంతే వినబడి ఉంటే ఇంత బాగా వచ్చేది కాదు.

చివర ద్వీపం క్యాషియరు. మాకు ఏమీ వినబడలేదు అని మొదలుపెట్టింది. అలా రాసింది తనొక్కతే. వినబడకపోయినా ఫ్లాస్కు బోర్లించడం కనబడింది అంది. నిన్న తనే చాట్‌లో అందరికీ, ఆయనది ఖాళీ అయింది, మన టీ కావాలంటున్నారు, కప్పులెత్తండి అని రాసిందట. తప్పు చెప్పానా అని అడిగింది. పొగరనుకునే మనిషికైతే ఇన్నేళ్ళు రోజూ కప్పు పెడతానా, సిగ్గుపడే మనిషని మొదటి రోజే తెలిసింది, మొక్క మాత్రం మీకు రుణపడి ఉంది అంది.

రెండుసార్లు చదివాను. తర్వాత కిటికీ తెరిచాను. ఊరికే.

కింద ఇంకో లైను ఉంది. ద్వీపం మీకు దూరం కాబట్టి మీ కింది అంతస్తు బ్రాంచికి ఫోన్ చేసి చెప్పాను, రేపు పదకొండుకి టీకి వెళ్ళండి, రూల్సు ఇంట్లో పెట్టి వెళ్ళండి అని.

సరే అని జవాబు రాశాను. మ్యూట్ లేదుగా, చేరి ఉంటుంది.

డిసెంబర్ 1, పన్నెండు గంటలు

ఫ్లాస్కు అలమారలోనే ఉండిపోయింది. ఆవిడ చూసి అలమార తలుపు వేసేసింది.

పొట్టి క్లర్కే కప్పు తెచ్చాడు. పంచదార ఎంత సార్ అన్నాడు. ఎప్పుడూ ఎవరూ అడగలేదు, ఇంట్లో ఆవిడ వేసేస్తుంది. మీ ఇష్టం అన్నాను. పక్కన కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను.

టీ నీళ్ళలా ఉంది. అభ్యంతరం లేదు.