కొండ చుంచు, ఇంటి చుంచు

జులై 9
స్టాఫ్‌రూమ్‌లో పేపరు చేతులు మారింది. మారేడుమిల్లి పైకొండల్లో కొత్త రకం చుంచెలుక, బొటనవేలంత — కనుగొన్నది మా జువాలజీ హెడ్ సత్యమూర్తి గారట. ఫొటో నేను తీసిందే. నాలుగు వానాకాలాలు, జలగలు, రెండుసార్లు మలేరియా... నావి. ఆయన ఒక్కసారి కొండెక్కలేదు. “మీ సాయం మరువలేనండి” అన్నారు, అందరి ముందు. నవ్వాను.

జులై 10
రాజీనామా రాశాను. చించేశాను. వెళ్లిపోతే ఆయనకే హాయి.

జులై 14
చుంచును పరీక్షించడానికి హైదరాబాద్ నుంచి ఇద్దరు నిపుణులు వస్తారట. ల్యాబ్‌లో నా బీరువా ఆయనే తెరిచి, కొండ చుంచుదనుకుని ఓ సీసా తీసుకున్నారు. సీసాల మీద నంబర్లే. ఆయన తీసింది పక్కది — పోల్చి చూసుకోవడానికి రాజమండ్రిలో మా వంటింట్లో పట్టిన ఇంటి చుంచు పిల్ల. పళ్లు లెక్కపెడితే ఇట్టే దొరికిపోతుంది. ఆయన లెక్కపెట్టరు. వచ్చేవాళ్లు లెక్కపెడతారు.
చూస్తూ నిలబడ్డాను. నోరు విప్పలేదు.

జులై 15
ఈ రోజు అన్నం రుచిగా ఉంది.

జులై 19, ఆదివారం
కొండ మీద పండమ్మ ఇంటికి వెళ్లాను. రాళ్ల సందులో ఆ చుంచును నాకు మొదట చూపింది ఆమే. జరిగింది చెప్పాను, కడుపుమంటతో. చింతపిక్కలు తీస్తూ వింది.
“నీ పేరు తీసేశాడా ఆ సారు?”
అవునన్నాను.
“మరి నువ్వు రాసిన కాయితంలో నా పేరేశావామ్మా?”
పత్రికకు పంపబోతున్న నా వ్యాసంలో ‘స్థానికుల సాయంతో’ — అంతే రాశాను. ఆమె మళ్లీ అడగలేదు.

జులై 20
నా వ్యాసంలో నా పేరు పక్కన ఆమె పేరు చేర్చాను. కోపం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. ఆ హైదరాబాద్ వాళ్లిద్దరి ముందు సత్యమూర్తి గారి ముఖం చూడాలి.

జులై 22
రేపే వస్తున్నారు. సాయంత్రం సత్యమూర్తి గారు మా ఇంటికి వచ్చారు, మొదటిసారి. రుమాల్లో చుట్టిన సీసా. కూర్చోమన్నా కూర్చోలేదు.
“ఒకసారి చూసి చెప్పండి మేడమ్... ఇది ఆ కొండదేనాండి?”
సీసా అందుకుని కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకున్నాను. ఆయన ఖాళీ రుమాలును మడతపెడుతూ, విప్పుతూ ఉన్నారు. ఒక్క క్షణం జాలేసింది. ఒక్క క్షణమే.
“ఆ కొండ చుంచును ఎవరు పట్టారో ముందు మీరు చెప్పండి” అన్నాను.
తల వంచుకున్నారు.
హాల్లో ఇంకా నిలబడే ఉన్నారు. నేను లోపలికి వచ్చి ఇది రాసుకుంటున్నాను. నాకేం తొందర లేదు...