తెప్ప ముడి

జాలరిపేట, మే 2001

ఉమామహేష్ బావకు,

పరవాడ షెడ్డులో రైలు ఇంజను బాగయిందని, ఆదివారం తెస్తున్నారని విన్నాను. దయచేసి ఆ రోజు పిల్లల్ని ఎక్కించకండి. ఈ ఉత్తరం తెచ్చిన లారీ డ్రైవరు చేతికే జవాబు ఇవ్వండి.

పాత చిన్న రైలును మళ్ళీ తిప్పుదామని మీరు పిలిస్తే, జీతం లేకపోయినా పేటలో వాళ్ళమంతా పట్టాలు వేయడానికి వచ్చాం. మీరు ఇంజను పని మీద పరవాడ వెళ్ళాక మేకులు అయిపోయాయి. వంపు దగ్గర మిగిలిన పట్టాలను నాన్న కొబ్బరితాళ్ళతో, తెప్ప దుంగలను కట్టినట్టే చెక్క దిమ్మలకు కట్టించాడు. "సముద్రమే ఇప్పలేని ముడి, ఈ బుడ్డి రైలు ఇప్పేత్తాదేటి?" అన్నాడు. అందరం నవ్వాం.

తెప్ప ఎప్పుడూ తడిలోనే ఉంటుంది బావా. తడిస్తే ఆ ముడి బిగుస్తుంది. ఇక్కడున్నది ఎండ. నిన్న మధ్యాహ్నం కాలితో తోస్తే పట్టా జరిగింది. మేకులు తెప్పిద్దామని నాన్నతో అంటే కసిరాడు. మేకు కొడితే తన చేతిని అవమానించినట్టేనన్నాడు.

ఇవాళ తెల్లవారుతుండగా వంపు దగ్గరికి వెళ్ళాను. నాన్న ఒక్కడే బిందెతో ముడుల మీద నీళ్ళు పోస్తున్నాడు. నన్ను చూసి బిందె కింద పెట్టాడు. తర్వాత మెల్లగా, "బావకి సెప్పు, బండి పొద్దున్నే తిప్పీమను. ఎండెక్కకముందే" అన్నాడు.

పూర్ణా మార్కెట్ గోడల మీద మీరు అంటించిన కాగితాల్లో ప్రారంభం మధ్యాహ్నం పన్నెండింటికని ఉంది. మొదటి పెట్టెలో తాత పక్కనే కూర్చుంటానని రాత్రి మీ పాప ఆశ అడిగింది. నాన్న కాదనలేదు.

మీ బావమరిది