ఎర్ర కర్రలు

ఆదివారం, ఉదయం

చిరంజీవి చిన్నోడికి,

అక్క దీవెనలు. మేం క్షేమం, నువ్వూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలి. ఆ అబద్ధం రాయడానికి చెయ్యి రావడం లేదు. నువ్వు తిన్నావో లేదో అన్న దిగులు మాత్రం నిజం. నీ మీద ఎంత మండిపోతున్నా అది పోయి చావదు.

మీ కంపెనీ కట్టబోయే తొమ్మిది వందల ఇళ్ళ గురించి మీటింగులో మేం అడిగిందేమిటి? ఉన్నవాళ్ళకే రోజు మార్చి రోజు నీళ్ళొస్తున్నాయి, కొత్తవాళ్ళకు ఎక్కణ్ణించి తెస్తారని. బడిలో బల్లకు అయిదుగురు కూర్చుంటున్నారు, వచ్చే పిల్లల్ని ఎక్కడ కూర్చోబెడతారని. మీ మేనేజరు నవ్వి, అభివృద్ధికి అడ్డు పడొద్దన్నాడు. ఆ నవ్వుకే ఊరు భగ్గుమంది. పగలు నువ్వు పాతిన సర్వే కర్రల్ని సాయంత్రానికి మేం పీకేవాళ్ళం. దాపరికమెందుకు, వీధి వీధంతా వాటితోనే స్నానాలకు నీళ్ళు కాచుకుంది. పాతేది తమ్ముడు, పొయ్యిలో పెట్టేది అక్క.

అక్కడే కొంప మునిగింది. తెల్ల కర్రలు ఇళ్ళ హద్దులకు గుర్తు, ఎర్రవి భూమిలో ఉన్న మంచినీళ్ళ గొట్టానికి. ఎర్రవాటి జోలికి పోవద్దని మీ బావ నెత్తీ నోరూ బాదుకున్నాడు. ఆవేశంలో ఉన్న జనానికి రంగులు కనిపిస్తాయా? అన్నీ పీకారు. కందకం తవ్వే మీ యంత్రం సరిగ్గా గొట్టం మీదే దిగింది. ఊరి నీళ్ళన్నీ కందకం పాలవుతుంటే, తప్పు మీదంటే మీదని రెండు వైపులా గడ్డపారలు లేచాయి. దర్జీ దవడ పగిలింది. మీ డ్రైవర్ని జుట్టు పట్టి కిందికి లాగి కాళ్ళతో తొక్కారు. చీమకైనా అపకారం చేయని మన పంతులమ్మ రాయి తీసుకుని అతని మోకాలి మీద కొడుతూనే ఉంది.

నిన్ను గట్టు మీద నుంచి చూశాను. కందకంలో ఒక మనిషి ఎర్ర కర్ర పట్టుకుని వంగి ఉన్నాడు. ఇంకా పీకుతున్నారా అని రంకె వేసి, సుత్తితో అతని తల వెనక కొట్టావు. పడ్డాక మళ్ళీ కొట్టావు. అతను పీకడం లేదురా. గొట్టం ఎటు పోతోందో తెలియాలని ఆ కర్రల్ని తిరిగి పాతుతున్నాడు. నాకప్పుడు అదేదీ పట్టలేదు. చిన్నోడా పారిపోరా అని గొంతు చించుకున్నాను.

ఆ మనిషి చనిపోయాడు. కొట్టింది మీ సైటు వాచ్‌మనేనని ఎవడో అన్నాడు, ఊరంతా అదే పట్టుకుంది. ముసలాణ్ణి స్తంభానికి కట్టేసి, రెండు చేతులూ విరగ్గొట్టి, అతనుండే షెడ్డుకు నిప్పు పెట్టారు. పోలీసులు విడిపించి ఆస్పత్రిలో చేర్చారు. ఇప్పుడు జనం ఆస్పత్రి గేటు ఊపుతున్నారు.

ఇక ఆగలేక పోలీసులకు నీ పేరు చెప్పేశాను. వాళ్ళు ఆ మాట చెబితే కంపెనీ దగ్గర డబ్బు తిన్నారంటున్నారు జనం. నేను చెబితే నాకు మతి పోయిందంటున్నారు. నీ నోటితో నువ్వు చెబితే తప్ప ఆ గేటు ఆగదు, ముసలాడు బతకడు.

ఈ ఉత్తరం నీ చేతికిచ్చినవాడు పోలీసు. యూనిఫాం చూస్తే గోడ దూకుతావని మామూలు బట్టల్లో వెళ్ళమన్నది నేనే. నువ్వెక్కడున్నావో చెప్పిందీ నేనే. భయమేస్తే చిన్నప్పట్నుంచీ నీకు అత్తయ్య ఇల్లే కదా. మారు మాట్లాడకుండా జీపెక్కు.

ఇట్లు,
కనకపోయినా నిన్ను పెంచిన
అక్క

తా.క. ఎవర్ని కొట్టావో నీకు తెలియదు. తల నుంచి కాళ్ళ దాకా బురద, నాకూ తెలియలేదు. నువ్వు పరుగెత్తాక కందకంలోకి దిగి, చేత్తో ముఖం తుడిచాను. మీ బావ. అప్పటికింకా ఊపిరుంది. నేను నిన్ను పిలిచిన పిలుపు విన్నట్టున్నాడు, చిన్నోడు దొరకలేదు కదా అని అడిగాడు. తర్వాత, నేనని వాడికి చెప్పొద్దు, తట్టుకోలేడు అన్నాడు. ఆయన ఆఖరి మాట అదే.

తట్టుకో.